పోకర్‌లో ఇద్దరమే మిగిలాం, రివర్‌లో (ఆఖరి ముక్క పడ్డాక) అవతలాయన ఆల్‌ఇన్ (ఉన్నదంతా పందెం). టాప్ పెయిర్ వదిలేశాను, తప్పా?

డాలస్_తమ్ముడు:
డాలస్‌లో పదిమంది తెలుగువాళ్లం నెలకోసారి ఎవరో ఒకరింట్లో టెక్సాస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ కలిపి ఐదు ముక్కలుండే పోకర్) ఆడుకుంటాం. మనిషికి 20 డాలర్లు, 8,000 చిప్స్. మొదటి బహుమతి 140, రెండోది 60. మొన్న శనివారం చివరికి ఇద్దరం మిగిలాం, నా దగ్గర 43,000, ఆయన దగ్గర 37,000, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే పెట్టే పందేలు) 500, 1,000.

బటన్ (పంచేవాడి స్థానం) ఆయనది, 2,500కి పెంచారు. నాకు ఇస్పేటు రాజు, ఆఠీను జాకీ వచ్చాయి, కాల్ చేశాను (అంతే నేనూ పెట్టాను). ఫ్లాప్‌లో (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు జాకీ, ఇస్పేటు ఎనిమిది, డైమన్ మూడు, అంటే నాకు టాప్ పెయిర్ (బోర్డు మీది పెద్ద ముక్కతో జత). నేను చెక్ (పందెం పెట్టకుండా వదలడం), ఆయన 2,500, కాల్. టర్న్ (నాలుగో ముక్క) కళావరు రెండు. మళ్లీ చెక్, ఆయన 6,000, కాల్. రివర్ ఆఠీను రెండు. నేను చెక్ అన్నానో లేదో, మిగిలిన 26,000 రెండు చేతులతో ముందుకు తోసేశారు. అప్పటికి పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) ఉన్నది 22,000. తోసేటప్పుడు ఒక దొంతర ఒరిగి చిప్స్ టేబుల్ మీద దొర్లాయి, ఆయన తీరిగ్గా వాటిని ఏరి మళ్లీ పేర్చి, ఇక నా వైపు చూడకుండా టీ కప్పు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నారు. రెండు నిమిషాలు ఆలోచించి వదిలేశాను. ఆయన ముక్కలు చూపించలేదు. మూడు రోజులైంది, పడుకుంటే అదే గుర్తొస్తోంది.

విశాఖ_రివర్:
నేనైతే కాల్ చేసేవాణ్ని తమ్ముడూ. నువ్వు 26,000 పెడితే పాట్ మొత్తం 74,000 అవుతుంది, అంటే 35 శాతం సార్లు గెలిస్తే చాలు, నష్టం లేదు. ఇద్దరే మిగిలారు కాబట్టి ఆ 60 డాలర్లు ఎలాగూ ఇద్దరికీ వచ్చేసినట్టే, ఆడేది మిగతా 80 కోసం, కాబట్టి బహుమతి పోతుందన్న భయం లెక్కలోకి తేవద్దు, చిప్స్ లెక్కే డబ్బు లెక్క. ఇంకో మాట, ఇంత పెద్ద పందెం వచ్చిన ప్రతిసారీ సగానికి పైగా (కచ్చితంగా చెప్పాలంటే 54 శాతానికి పైగా) వదిలేస్తూ పోతే ఆయన ఏ ముక్కలతో తోసినా లాభమే. హెడ్స్-అప్‌లో (ఇద్దరే ఆడేటప్పుడు) ఈ బోర్డు మీద టాప్ పెయిర్, పక్కన రాజు అంటే చాలా మంచి చేయి. దీన్నే వదిలేస్తే ఇంక దేనితో కాల్ చేస్తావు?

పదమూడు_ముక్కలు:
అన్నా, శాతాలతో గొడవ లేదు, కానీ ఆ రాజు ఇస్పేటు కావడమే ఇక్కడ అసలు సమస్య. రమ్మీలో మనకు కావలసిన ముక్క ఎదుటివాడి చేతిలో ఇరుక్కుందని తెలిస్తే ఆ సీక్వెన్స్ మీద ఆశ వదులుకుంటాం కదా, ఇక్కడ అది తిరగబడింది. ఆయన బ్లఫ్ చేస్తే ఎక్కువగా ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) రాని ఇస్పేట్లతోనే చేయాలి. తమ్ముడి చేతిలో ఇస్పేటు లేకపోతే అలాంటి రెండు ముక్కల చేతులు 55 ఉండేవి, రాజు ఇక్కడుంది కాబట్టి 45. వాటిలోనూ సగం పైగా మొదట్లోనే పారేసే చెత్త ముక్కలు.

తమ్ముణ్ని ఓడించే చేతులు ఎన్ని రకాలుగా రావచ్చో లెక్కపెట్టండి. ఆసు-జాకీ 8, ఆసుల జత 6, రాజుల జత 3, రాణుల జత 6, ఫుల్‌హౌస్‌లు (ఒకే అంకె మూడు, ఇంకో అంకె రెండు), నాలుగు రెండ్లు కలిపి 8, ఒకే రంగు జాకీ-ఎనిమిది 2. మొత్తం 33. కాల్ నష్టం కాకుండా ఉండాలంటే బ్లఫ్‌లు కనీసం 18 ఉండాలి. ఇస్పేట్లూ, స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) రాని పది-తొమ్మిదీ కలిపితే అంతకంటే ఎక్కువే కనిపిస్తాయి, నిజమే, కానీ అవన్నీ ఉన్న చిప్స్ మొత్తం తోసే మనిషేనా ఆయన?

2003లో లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో చివరి ఇద్దరు క్రిస్ మనీమేకర్, శామీ ఫర్హా. బోర్డు మీద మూడు ఇస్పేట్లు, ఫర్హాకి తొమ్మిదుల టాప్ పెయిర్, చేతిలో ఇస్పేటు రాణి. మనీమేకర్ రివర్‌లో రాజు తప్ప ఏమీ లేకుండా ఆల్‌ఇన్ తోశాడు, ఫర్హా చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. అక్కడ ఫ్లష్ వచ్చే బోర్డు కాబట్టి ఆ ఇస్పేటు రాణి అవతలివాడి ఫ్లష్‌లను తగ్గించింది, అంటే కాల్ వైపు లాగే ముక్క. ఇక్కడ ఫ్లష్ రాలేదు కాబట్టి ఇస్పేటు రాజు అవతలాయన బ్లఫ్‌లను తగ్గిస్తోంది. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది.

తమ్ముడూ, ఆయన ఉత్త చేతితో పెద్ద పందెం తోయడం ఎప్పుడైనా చూశావా?

డాలస్_తమ్ముడు:
ఎనిమిది నెలలుగా కలిసి ఆడుతున్నాం అన్నా. రివర్‌లో అన్నీ తోసి ముక్కలు చూపించాల్సి వచ్చింది రెండుసార్లే, ఒకసారి సెట్ (చేతిలో జతకి బోర్డు మీద మూడోది), ఒకసారి ఆసుల జత. ఫ్లష్ రాక బ్లఫ్ చేయడం ఒక్కసారి చూశాను, అది కూడా పాట్‌లో మూడో వంతు పందెం. దొంతర ఏరి పేర్చడం మాత్రం ఇదే మొదటిసారి, అందుకే అనుమానం.

విశాఖ_రివర్:
ఇది ముందే చెప్పుంటే బాగుండేది. దొంతర సంగతి పక్కన పెట్టు, అలవాటు లేని పని ఒక్కసారి చూసి దేనికీ ముడిపెట్టలేం. ఆ రెండు షోలే గట్టి సాక్ష్యం, అలాంటి మనిషి ముందు ఆ 18 బ్లఫ్‌లు నాకూ దొరకడం లేదు. ఫోల్డే (వదిలేయడమే) కరెక్ట్, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫోల్డ్ చేశాక కూడా 80,000లో 32,000 నీవే, ఆట పోలేదు. అదే కళావరు రాజుతో, కొంచెం దూకుడుగా ఆడే మనిషి మీదైతే మాత్రం కాల్ చెయ్.