రేడియస్ పెట్టాక స్విచ్‌లోని స్థానిక ఖాతా లోపలికి రానివ్వడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నెట్‌వర్క్ స్విచ్‌లన్నీ సిస్కో ఐఓఎస్ (సిస్కో పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవి. ఇంతకాలం అందరం ఒకే పాస్‌వర్డ్ వాడేవాళ్లం. ఎవరైనా ఉద్యోగం మానేస్తే అన్ని స్విచ్‌లలో దాన్ని మార్చుకుంటూ తిరగడం నా పని. ఆ బాధ వదిలించుకుందామని రేడియస్ సర్వర్ (అందరి ఖాతాలనూ ఒకేచోట సరిచూసేది) పెట్టి, స్విచ్‌లో ‘ఏఏఏ అథెంటికేషన్ లాగిన్ డిఫాల్ట్ గ్రూప్ రేడియస్ లోకల్’ అని రాశాను. రేడియస్ ఖాతాతో లాగిన్ అవుతున్నాను. స్విచ్‌లోనే సృష్టించిన స్థానిక ఖాతాను మాత్రం తిరస్కరిస్తోంది. పాస్‌వర్డ్ పదిసార్లు సరిచూశాను. చివర ‘లోకల్’ అని ఉంది కదా, మరి దాన్నెందుకు చూడటం లేదు? పైగా రేడియస్‌తో లాగిన్ అయినా మళ్లీ ‘ఎనేబుల్’ (పూర్తి అధికారం ఇచ్చే) పాస్‌వర్డ్ అడుగుతోంది.

మొదటి జవాబు:
మీ స్విచ్‌లో లోపమేమీ లేదండీ. ఆ వరుసను మీరు ‘రేడియస్‌లో ఖాతా లేకపోతే లోకల్‌లో వెతుకు’ అని చదువుతున్నారు. స్విచ్ మాత్రం ‘రేడియస్ పలకకపోతేనే లోకల్‌కు వెళ్లు’ అని చదువుతుంది. ‘ఈ పేరు నాకు తెలియదు, వద్దు’ అని సర్వర్ చెప్పినా అది జవాబే. జవాబు అందాక స్విచ్ రెండో తలుపు తట్టదు. అలా తడితే, సర్వర్‌లో మీరు తీసేసిన మనిషి పాత స్థానిక ఖాతాతో దర్జాగా లోపలికి వచ్చేస్తాడు.

స్థానిక ఖాతాను పరీక్షించాలంటే స్విచ్‌కు సర్వర్ అందకుండా చేసి చూడండి. వెంటనే తెరుచుకోదు, కంగారు పడకండి. మామూలుగా ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు ఆగి, ఇంకో 3 సార్లు అడుగుతుంది. అంటే ఒక్క సర్వర్‌కే దాదాపు 20 సెకన్లు.

ఇక ఎనేబుల్ సంగతి. మీరు ఎవరో తేల్చడం వేరు, మీకు ఎంత అధికారం ఇవ్వాలన్నది వేరు. రెండోదానికి ‘ఏఏఏ ఆథరైజేషన్ ఎగ్జెక్ డిఫాల్ట్ గ్రూప్ రేడియస్ లోకల్’ రాయాలి. సర్వర్ కూడా ‘షెల్:ప్రివ్-ఎల్‌వీఎల్=15’ అని పంపాలి; 15 అంటే పూర్తి అధికారం, 1 అంటే మామూలు స్థాయి. స్థానిక ఖాతాకు కూడా ప్రివిలేజ్ 15 ఇవ్వడం మరిచిపోకండి, లేకపోతే ఈసారి అది 1 దగ్గరే ఆగిపోతుంది. కన్సోల్‌కు (స్విచ్‌కు నేరుగా తీగ కలిపి లాగిన్ అయ్యే చోటు) ఈ ఆథరైజేషన్ దానంతటదే వర్తించదు కాబట్టి ఎనేబుల్ సీక్రెట్‌ను తీసేయవద్దు.

రెండో జవాబు:
ఆథరైజేషన్ వరుస రాసేముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి. కొత్త అమరికను సేవ్ చేయకండి. మీరు బయట చిక్కుకుపోతే పది నిమిషాల తర్వాత స్విచ్ పాత అమరికతో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సెల్’. ఈ రెండోది మరిచిపోయి పట్టపగలు అంతస్తు మొత్తానికి నెట్‌వర్క్ ఆపేసిన ఘనత నాది. అందుకే ఇప్పుడు ఫోనులో అలారం పెట్టుకుంటాను. వేరే విండోలో ఇంకో సెషన్ తెరిచే ఉంచండి.

ఇంకో మాట. వీటీవై లైన్లు (నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయ్యే దారులు) 0 నుంచి 4 వరకే సరిచేశారా? చాలా స్విచ్‌లలో 5 నుంచి 15 వరకు కూడా ఉంటాయి. డిఫాల్ట్ లాగిన్ జాబితా అన్నిటికీ వర్తిస్తుంది కానీ, ‘ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్‌ఎస్‌హెచ్’, ‘యాక్సెస్-క్లాస్’ (మొదటిది ఎస్‌ఎస్‌హెచ్‌ను మాత్రమే రానిస్తుంది, రెండోది ఏ చిరునామాల నుంచి రావచ్చో చెబుతుంది) ఏ లైన్లకు రాస్తే వాటికే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సర్వర్ అందకుండా చేసి చూశాను, ఇరవై సెకన్ల తర్వాత స్థానిక ఖాతా తెరుచుకుంది. మీరన్నట్టే 5 నుంచి 15 వరకు టెల్‌నెట్ (పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపే పాత పద్ధతి) తెరిచే ఉంది! ఇప్పుడు మూసేశాను. ఒక్క సందేహం: దీనికి టకాక్స్ ప్లస్ (రేడియస్ లాంటి మరో పద్ధతి) మేలంటారా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఎవరు ఏ ఆదేశం కొట్టవచ్చో ఒక్కొక్కటిగా నియంత్రించాలంటే అదే మేలు. రేడియస్ యూడీపీ పోర్టు 1812 మీద వెళుతూ పాస్‌వర్డ్‌ను మాత్రమే దాస్తుంది. టకాక్స్ ప్లస్ టీసీపీ పోర్టు 49 మీద వెళుతూ శీర్షిక తప్ప సందేశమంతా దాస్తుంది. మీ బృందంలో అందరికీ 15 ఇచ్చేట్టయితే ఉన్న రేడియస్ చాలు.