ఫైల్ పేర్లకు రూల్ పెట్టాలా, సర్వర్‌కే వదిలేయాలా?

నీలితెర:
మా ఆఫీసులో విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ వాడతాం. ఫైళ్లన్నీ ఒక లినక్స్ సర్వర్ మీద, సాంబా (లినక్స్ ఫోల్డర్‌ను విండోస్ వాళ్లకూ పంచే సాఫ్ట్‌వేర్) షేర్‌లో ఉంటాయి. లినక్స్ వాళ్లు టైముతో సహా ‘బ్యాకప్ 10:30’ అని పేరు పెడతారు. విండోస్ పేర్లలో కోలన్ (:) ఒప్పుకోదు కదా, అక్కడ చూస్తే టిల్డే (~) గుర్తుతో ఏదో పొట్టి పిచ్చి పేరు కనిపిస్తుంది. అందరికీ రూల్ పెట్టాలా, సాంబాలోనే గుర్తులు మార్చే మాడ్యూల్ పెట్టి ఊరుకోవాలా? టీమ్ రెండుగా చీలిపోయింది.

పాతసర్వర్:
రూలే పెట్టండి. మీరన్న గుర్తులు మార్చే మాడ్యూల్, సాంబాలోని కేటియాతో కోలన్ బదులు వేరే గుర్తు కనిపించేలా చేయొచ్చు, నిజమే. కానీ అది సాంబా ద్వారా చూసినంతసేపే. అదే ఫోల్డర్‌ను సర్వర్ మీదే జిప్ చేసి పంపితే లోపల కోలన్ అలాగే ఉంటుంది. ‘రిపోర్ట్’ అని ఇంగ్లీషులో ఒకటి పెద్ద ‘ఆర్’తో, ఒకటి చిన్న ‘ఆర్’తో ఉంటే లినక్స్‌కు అవి రెండు ఫైళ్లు. ఆ జిప్‌ను విండోస్‌లో విప్పితే ఒకదాని మీద ఇంకొకటి వచ్చి పడుతుంది. అన్నింటిలో కఠినం విండోస్ కాబట్టి దాని రూలే అందరికీ.

అక్షరం:
డాస్ కాలంలో పరికరాలకు కేటాయించిన ‘కాన్’, ‘ఆక్స్’ లాంటి పేర్లు ఫైలుకు పెడితే ఇప్పటికీ పేచీ పెట్టే సిస్టమ్‌కు అందరం తలవంచాలా? పైగా విండోసే కఠినం అన్నది తప్పండీ. తెలుగులో పేరు పెట్టి చూడండి. లినక్స్ డిస్కు మీద ఫైళ్లు దాచే పద్ధతి ఈఎక్స్‌టీ4లో పేరుకు హద్దు 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. ‘లక్ష్మి’ అంటే ఒత్తులూ గుడీ కలిపి 7 కోడ్‌లు, 21 బైట్లు! విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ బైట్లు కాదు, 255 యూటీఎఫ్-16 యూనిట్లు లెక్కపెడుతుంది, తెలుగు కోడ్ ఒక్కోటి అందులో ఒక యూనిట్టే. అక్కడ హాయిగా పట్టిన పొడవాటి తెలుగు పేరు లినక్స్‌కు కాపీ చేస్తే ఎర్రర్.

ఇంకోటి. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ‘వైద్యం’లోని ఐత్వాన్ని రెండు కోడ్‌లుగా విడగొట్టి దాస్తుంది. అది లినక్స్‌కు చేరాక, అక్కడే టైప్ చేసిన ‘వైద్యం’ పక్కన పెడితే కంటికి రెండూ ఒకటే, సిస్టమ్‌కు వేర్వేరు ఫైళ్లు. దీన్ని మనిషి కనిపెట్టలేడు, సాఫ్ట్‌వేరే చూసుకోవాలి.

పాతసర్వర్:
పొడవు సంగతి ఒప్పుకుంటాను. కానీ దానివల్ల రూల్ ఇంకా బిగించాలనే కదా తేలేది? ఐత్వం మాత్రం మీరన్నట్టే, సేవ్ అయ్యేటప్పుడు స్క్రిప్టు సరిచేయాలి.

నీలితెర:
మధ్యలో ఇంకో టెన్షన్. విండోస్ నెట్‌వర్క్ లిస్టులో సర్వర్ కనిపించడం లేదు. ఎస్‌ఎంబీ1 (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతిలో పాత వెర్షన్) ఆన్ చేయమంటున్నారు.

పాతసర్వర్:
వద్దే వద్దు. 2017లో వానాక్రై అనే వైరస్ వ్యాపించింది ఎస్‌ఎంబీ1లోని లోపం పట్టుకునే. లిస్టులో కనిపించకపోయినా షేర్ పనిచేస్తుంది, అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి సర్వర్ ఐపీ కొట్టండి. లిస్టులోనూ కావాలంటే, సర్వర్‌ను విండోస్ లిస్టులో చూపించే డబ్ల్యూఎస్‌డీడీ ప్రోగ్రామ్ సర్వర్‌లో వేయండి.

అక్షరం:
ఎస్‌ఎంబీ1 తప్ప రాని పాత స్కానర్ ఉన్నవాళ్లేం చేయాలి?

పాతసర్వర్:
ఫైళ్లు పంపే వేరే పద్ధతి ఎఫ్‌టీపీ ఆ స్కానర్‌లో ఉందేమో చూడాలి. లేదంటే స్కాన్‌లు పడటానికి విడిగా ఒక చిన్న మెషీన్. మెయిన్ సర్వర్‌లో మాత్రం తెరవకూడదు.

అక్షరం:
స్కానర్ కోసం మెషీన్ కేటాయిస్తారు గానీ, తెలుగు పేర్ల కోసం స్క్రిప్టు రాయమంటే మాత్రం రూల్ అంటారు. సరే, ముందు ఆ స్క్రిప్టు ఎవరు రాస్తున్నారో చెప్పండి.