స్థానికులకు 75 శాతం ఉద్యోగాలు సరే, పని నేర్పేది ఎవరు?

గాజువాక గొంతు (చర్చ ప్రారంభం)

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. దానిని హైకోర్టులో సవాలు చేశారు. దాదాపు అటువంటిదే అయిన హర్యానా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. ఆ శాతం సంగతి న్యాయస్థానాలు చూసుకుంటాయి. అర్హులైన స్థానికులు దొరకకపోతే, ప్రభుత్వ సహకారంతో యాజమాన్యమే మూడేళ్లలోగా వారికి శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకోవాలన్న నిబంధన కూడా మన చట్టంలో ఉంది. నేను అడిగేది దాని గురించే. పని నేర్పే బాధ్యత ఫ్యాక్టరీదా, ఐటీఐదా?

చిన్న యూనిట్

విశాఖ గాజువాకలోని ఆటోనగర్‌లో మెషిన్ షాపు నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, బాధ్యత ఐటీఐదే. రెండేళ్లు టర్నర్ ట్రేడు (లేత్ పని) చదివి సర్టిఫికెట్టు పట్టుకొని వచ్చిన కుర్రాడి చేతికి సూక్ష్మ కొలతలు తీసే మైక్రోమీటరు ఇస్తే రీడింగు చెప్పలేకపోతున్నాడు. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రంలో టూల్ ఆఫ్‌సెట్టు (కోసే పనిముట్టు స్థానం చెప్పే కొలత) తప్పుగా వేస్తే టూలు విరగడంతో పోదు, ఒక్కోసారి యంత్రంలో తిరిగే ఇరుసు, స్పిండిలే దెబ్బతింటుంది, ఆ బిల్లు కట్టేది నేను. అనుభవమున్న ఆపరేటరు పక్కన నెలల తరబడి నిలబెట్టి నేర్పిస్తే, చేయి తిరిగిందో లేదో, రెండు వేలు ఎక్కువ ఇస్తామన్న పెద్ద కంపెనీకి చెప్పకుండా వెళ్లిపోతాడు. నా ఖర్చుతో ఇంకొకరికి పనివాళ్లను తయారు చేసి పంపడానికి నేను శిక్షణ సంస్థ పెట్టలేదు.

ఫిట్టర్ మాస్టారు

ప్రభుత్వ ఐటీఐలో బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను. మైక్రోమీటరు గురించి మీరు చెప్పినదానిలో చాలావరకు నిజముంది. బ్యాచ్‌లో పిల్లలు ఎక్కువ, పనిచేసే లేత్‌లు తక్కువ, ముడిసరుకు కొనడానికి మంజూరయ్యే డబ్బు ఇంకా తక్కువ అయినప్పుడు, ఒక ఇనుప ముక్కనే ముగ్గురు వంతులవారీగా ఆకురాయితో రాసి అప్పగించిన పని పూర్తయిందనిపించిన రోజులు నేను చూశాను. కాని మా దగ్గర ఎన్ని కొత్త యంత్రాలు పెట్టినా, కొలత తప్పితే సరుకు తిరిగివస్తుందన్న భయం మా వర్క్‌షాపులో పుట్టదు, అది మీ దగ్గరే పుడుతుంది. పనిచోటే పని నేర్చుకునే శిక్షణార్థుల కోసం 1961 నాటి అప్రెంటిస్ చట్టం వచ్చింది అందుకే. 2016 నుంచి ఐటీఐల్లో ద్వంద్వ శిక్షణ విధానం కూడా ఉంది, అందులో పాఠం మాది, పని మీది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 సవరణలు చెబుతున్నాయి. మీరు ఎంతమందిని తీసుకున్నారో చెప్పగలరా?

చిన్న యూనిట్

నా దగ్గర ఉన్నది 26 మంది. 30 లోపు ఉన్నవారికి అది ఐచ్ఛికం మాత్రమే. చట్టం చదివి మాట్లాడండి మాస్టారూ.

రాత్రి షిఫ్ట్

ఆ 26లో లేబర్ కాంట్రాక్టరు తెచ్చినవాళ్లు ఉన్నారా, లేరా?

చిన్న యూనిట్

లేరు, వారు వేరే ఎనిమిది మంది. కోసిన ముక్క అంచున మిగిలే బర్ తీయడానికి, ప్యాకింగ్‌కు, ఆర్డరు ఉన్నప్పుడు వస్తారు, లేనప్పుడు ఉండరు. వారిని నా సిబ్బందిగా ఎలా లెక్కిస్తారు?

ఫిట్టర్ మాస్టారు

కాంట్రాక్టు సిబ్బందిని కలిపే లెక్కించాలని నిబంధనల్లోనే ఉంది. అప్పుడు మీ సంఖ్య 34. దానిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లు ఉండాలి. కనిష్ఠ లెక్క చూసినా మీరు తీసుకోవలసింది ఒక్క మనిషిని. ఐటీఐ పాసైన వారికి 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పాతిక శాతం, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది.

చిన్న యూనిట్

ఆర్డరు లేని నెలలో ఆ ఎనిమిది మంది రారని ఇప్పుడే రాశాను. అప్పుడు నా సంఖ్య 26 అవుతుందా, 34 అవుతుందా?

బోష్ అభిమాని

జర్మనీలో కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. చివరి పరీక్ష పెట్టేది వాణిజ్య పారిశ్రామిక మండలి. పని వచ్చిందో రాలేదో యజమాని ఒక్కడే తేల్చడు, బడి ఒక్కటే తేల్చదు.

రాత్రి షిఫ్ట్

ముందు గాజువాక సంగతి తేలనివ్వండి.

భూమి ఇచ్చినవాడు

నేను వేరే వైపు నుంచి చెబుతాను. మా ఊరి పొలాలు పరిశ్రమకు తీసుకున్నప్పుడు ఇంటికొక ఉద్యోగమన్నారు. తరువాత నైపుణ్యం లేదన్నారు. మా పెద్దవాడిని ఫిట్టర్ ట్రేడులో చేర్పించాను, మంచి మార్కులతో పాసయ్యాడు, ఒక పెద్ద ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా తీసుకున్నారు. ఆ ఏడాదంతా వాడి చేత స్టోర్సులో పెట్టెలు మోయించారు, రిజిస్టర్లు రాయించారు, షిఫ్ట్ ఇన్‌చార్జికి టీ తెప్పించుకున్నారు. పంపు విప్పి బేరింగు మార్చేటప్పుడు దూరంగా నిలబడమన్నారు. గడువు కాగానే సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపించి, మరునెలలో కొత్త బ్యాచ్‌ను తీసుకున్నారు. ఏటా కొత్తవాళ్లు వస్తుంటే పర్మినెంటు మనిషితో వారికి పనేముంది? ఇప్పుడు వాడు డెలివరీ బండి నడుపుతున్నాడు. మాస్టారు చెప్పే చట్టం మా ఇంటికి ఏం చేసింది?

ఫిట్టర్ మాస్టారు

మీ అబ్బాయికి జరిగింది అన్యాయం. శిక్షణ పూర్తయినవారికి ఉద్యోగం ఇచ్చి తీరాలని ఆ చట్టంలో లేదు. అప్రెంటిస్‌ను కార్మికుడిగా కూడా అది పరిగణించదు. అయితే ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది.

చిన్న యూనిట్

అది ప్రభుత్వ సంస్థ. నన్ను దానితో పోల్చకండి.

భూమి ఇచ్చినవాడు

పోల్చడం లేదు. మీ ఎనిమిది మంది ఎక్కడివారో చెప్పండి, చాలు. మా కుర్రాళ్లకు మైక్రోమీటరు రాదన్నారు కదా, బర్ తీయడానికి, అట్టపెట్టెలు కట్టడానికి ఏ మైక్రోమీటరు కావాలి? ఆ పనికి కూడా బీహారు, ఒడిశా నుంచే ఎందుకు తెచ్చారు?

చిన్న యూనిట్

అందరూ లోపల అనుకుని పైకి అననిది నేను రాస్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి. వారు షెడ్డు వెనక గదిలోనే ఉంటారు. రాత్రి పదింటికి లారీ వస్తే లేచి ఎక్కిస్తారు. పన్నెండు గంటలు చేయమంటే చేస్తారు. మీ ఊరి కుర్రాడు సంక్రాంతికి వారం, గ్రామదేవత పండుగకు మూడు రోజులు, మేనమామ కూతురి పెళ్లికి రెండు రోజులు రాడు. గట్టిగా ఒక మాట అంటే సాయంత్రానికి వాళ్ల నాన్న, సర్పంచి, ఇంకో ఇద్దరు గేటు ముందు ఉంటారు. నేను సరఫరా చేసే కంపెనీ ఒక రోజు ఆలస్యమైనా బిల్లులో కోత పెడుతుంది, ధర మాత్రం ఏటా తగ్గించమంటుంది.

రాత్రి షిఫ్ట్

బీహారువాళ్ల ఛఠ్ పండక్కి వాళ్లు నెల రోజులు ఊరికి పోవడం లేదా?

ఫిట్టర్ మాస్టారు

మీరు ఒక్క అప్రెంటిస్ దగ్గర ఇంత పట్టుబట్టడం నాకు ఇప్పుడు అర్థమైంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనే ప్రభుత్వాధికారి అనుమతి లేకుండా అప్రెంటిస్ చేత అదనపు గంటలు చేయించకూడదని చట్టంలోనే రాసి ఉంది. మీ షాపు నడుస్తున్నది ఆ అదనపు గంటల మీద. అలా నడిచే చోట నేర్పడానికి తీరిక ఎవరికి ఉంటుంది? మీ పాత ఆపరేటరు కుర్రాడికి చూపించడానికి రోజుకు ఒక గంట యంత్రం ఆపితే, ఆ గంట వెల మీరు కొనుగోలుదారు నుంచి రాబట్టలేరు. అందుకే బాధ్యత ఐటీఐ మీదకు నెట్టారు. ఐటీఐలో కొనుగోలుదారే లేడు కనుక అక్కడ ఆ వెల ఎవరికీ కనబడదు. నన్ను అడిగితే ఆ గంట వెలను మీ దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ ధరలో కలిపి ఇవ్వాలి, ఎందుకంటే మీరు తయారు చేసిన మనిషిని రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకుపోయేది కూడా అటువంటి కంపెనీయే.

చిన్న యూనిట్

ఆ మాట వారితో మీరు చెప్పి చూడండి. మరుసటి ఆర్డరు కోయంబత్తూరుకు వెళ్తుంది.

గాజువాక గొంతు

నేను అడిగినది ఎవరు నేర్పాలని. మీరు తేల్చినది నేర్పే గంటకు ఎవరు డబ్బు కట్టాలన్నది. మంచిదే, కాని ఒక కుర్రాడి విషయంలోనైనా ఏదో ఒక దారి చెప్పండి.

ఫిట్టర్ మాస్టారు

ఒక్కరిని తీసుకోండి. ఏ నెలలో ఏ యంత్రం మీద ఏం నేర్పాలో నేను కాగితం మీద రాసి ఇస్తాను, ప్రతి నెలా వచ్చి చూస్తాను, నాకు డబ్బు అక్కరలేదు. ఎనిమిది గంటలే, స్టోర్సు పని వద్దు.

భూమి ఇచ్చినవాడు

ఆ ఎనిమిది మందికి అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇస్తున్నారో లేదో ముందు చెప్పమనండి. ఇవ్వకపోతే, మా పిల్లలను ఈ యజమాని ఎన్నటికీ తీసుకోరు. అంత చవకగా మేము దొరకము.

చిన్న యూనిట్

వారి కూలి లెక్క కాంట్రాక్టరు చూసుకుంటారు. మాస్టారు చెప్పిన ఒక్కరి విషయం ఆలోచిస్తాను. ఒప్పందంలో సంక్రాంతి సెలవు మూడు రోజులకు మించదని మాత్రం స్పష్టంగా రాయాలి.