నాన్నగారి పద్యాల ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2004లో కంద పద్యాల్లో ఒక శతకం రాశారు. మా ఊళ్లో డీటీపీ సెంటర్లో టైపు చేయించి, వంద కాపీలు వేయించి బంధువులకు పంచారు. ఆ ఫైలు అప్పట్లోనే నాకు మెయిల్ చేయించారు. వచ్చే నెల ఆయన తిథికి అందరికీ వాట్సాప్‌లో పంపుదామని ఆ మెయిల్ వెతికి పట్టుకున్నాను. వర్డ్ ఫైలే, తెరుచుకుంటోంది, కానీ అందులో తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. ఫైలు పాడైపోయిందని మా అబ్బాయి అంటున్నాడు. మళ్లీ మొదటి నుంచి టైపు చేయించాల్సిందేనా?

జవాబు:
అమ్మా, ఫైలు పాడవలేదు. నేను పదహారేళ్లు డీటీపీ పనిలో ఉన్నాను, ఇలాంటివి చాలా చూశాను. మీ నాన్నగారి పద్యాలు ఆ ఫైల్లో భద్రంగా ఉన్నాయి, కాకపోతే వేరే వేషంలో ఉన్నాయి.

ఆ రోజుల్లో సెంటర్లలో ఎక్కువగా వాడింది అను ఫాంట్లు. వాటిలో తెలుగుకంటూ వేరే కోడ్ (కంప్యూటర్ అక్షరాన్ని గుర్తుపట్టే సంఖ్య) ఉండదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు లాంటి ముక్కలన్నిటినీ ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉండే గదుల్లో పెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అవి కలిసి తెలుగులా కనిపిస్తాయి. లేని కంప్యూటర్లో ఆ గదుల అసలు ఇంగ్లిషు గుర్తులే బయటపడతాయి. ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు సొంత కోడ్ ఉంది. ‘శ్రీ’ అంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం నాలుగు కోడ్‌లు. అందుకే అది ఏ ఫోన్లో తెరిచినా తెలుగే.

వర్డ్‌లో ఏదైనా పద్యం మీద క్లిక్ చేసి, పైన ఫాంటు పేరు కనిపించే పెట్టె చూడండి. మీ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా పాత పేరు అక్కడ ఉంటుంది. అదేమిటో రాయండి. ఈలోగా ఆ ఫైలుకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, అసలుదాన్ని సేవ్ చేయకండి. ఎర్ర గీతలు వస్తున్నాయని స్పెల్లింగ్ సరిచేయవద్దు. అందులో ఒక చిన్న అక్షరం పెద్దదైతే తెలుగులో ఇంకో ముక్క అయిపోతుంది.

మరొకరి జవాబు:
అన్నగారు చెప్పింది సరైనదే. తెలుగు చెడినట్టు కనిపించే తీరును బట్టి ఏం జరిగిందో పోల్చుకోవచ్చు కాబట్టి ఒక మాట కలుపుతాను. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదంతే. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, ఈ జంట మళ్లీ మళ్లీ వస్తుంటే అది మంచి యూనికోడ్ తెలుగే, ప్రోగ్రామ్ తప్పుగా చదువుతోంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) నేరుగా తెరిస్తే ఇలా అవుతుంది. డేటా మెనూలోంచి తెచ్చుకుంటూ యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) ఎంచుకుంటే కుదురుతుంది. అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఆ ఫైలు మీద ఆశ లేదు. పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగును ఆన్సీగా (తెలుగుకు చోటులేని పాత పద్ధతిలో) సేవ్ చేస్తే అక్షరాలన్నీ చెరిగిపోయి ప్రశ్నార్థకాలు మిగిలేవి. అలాంటప్పుడు మొదట పంపిన మెయిల్ వెతుక్కోవడమే దారి.

మళ్లీ అడుగుతున్నాను:
చాలా ధన్యవాదాలండీ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఫాంటు పేరు చూశాను, అను ఫాంటే. ఇప్పుడేం చేయాలి?

జవాబు:
అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పద్యం కాపీ చేసి పెట్టె‌లో పేస్ట్ చేసి మార్చి చూడండి. అనులో వేర్వేరు వెర్షన్లు ఉన్నాయి, ఒకదానితో సగం తెలుగు సగం గందరగోళం వస్తే ఇంకోటి ఎంచుకోండి. పద్యం కుదిరాకే మిగతావి పదేసి చొప్పున మార్చండి. ఇవి పద్యాలు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంటి దస్తావేజులో, వీలునామాలో అయితే ముక్కూమొహం తెలియని సైట్లలో పేస్ట్ చేయవద్దు.

మారిన దాన్ని ఊరికే నమ్మకండి. తప్పులు ఎక్కువగా వత్తుల దగ్గర వస్తాయి. మీవి కందాలు కావడం మీ అదృష్టం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి కదా, అదే ప్రాస, ముందు ఆ అక్షరాల మీదే చూపు పరిగెత్తించండి. మూడు పాదాల్లో ‘న్న’ ఉండి నాలుగో దాంట్లో ‘న’ ఉంటే అక్కడ వత్తు ఎగిరిపోయినట్టే. ఆటవెలదులకైతే ఈ చిట్కా పనిచేయదు, వాటికి ప్రాస నియమం లేదు. ఆ తర్వాత పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కసారి పైకి చదవండి. కన్ను దాటేసిన తప్పును చెవి పట్టుకుంటుంది.

దిద్దడానికి విండోస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకోండి. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిషు నుంచి తెలుగుకు మారుతుంది. విండోస్ 10లో 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది, ఇంగ్లిషు స్పెల్లింగ్ కొడితే తెలుగు పడుతుంది. పని పూర్తయ్యాక వర్డ్ ఫైలు మీ దగ్గర ఉంచుకుని, బంధువులకు పీడీఎఫ్ చేసి పంపండి. ఫాంట్లు అందులోనే ఇమిడి ఉంటాయి, ఎవరి ఫోన్లోనైనా పద్యం పాదాలు విరగకుండా కనిపిస్తుంది.

ఇదే కష్టంలో ఉన్నవాళ్ల కోసం ఇంకొక్క మాట. ఫైలే దొరక్కపోతే పుస్తకం పేజీలను మంచి వెలుతురులో ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్లో ఆ ఫోటో మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మలోని అక్షరాలను చదివి కింద టెక్స్ట్‌గా ఇస్తుంది. తెలుగు కూడా చదువుతుంది. పాత అచ్చులో ఒత్తులు తడబడుతుంది కానీ మొత్తం టైపు చేయడం కన్నా చాలా నయం.

ప్రశ్న వేసిన నేనే:
నాలుగు సాయంత్రాలు పట్టింది, నూట ఎనిమిది పద్యాలూ వచ్చేశాయి. మీరు చెప్పిన ప్రాస చిట్కాతో పదకొండు తప్పులు దొరికాయి. అరవై ఒకటో పద్యంలో మూడో పాదం ప్రాస ఎంతకీ కుదరలేదు. పుస్తకంలో చూస్తే అచ్చులోనూ అలాగే ఉంది. నాన్నగారు తప్పు రాశారంటే మనసొప్పక, బీరువాలోంచి ఆయన చేతిరాత నోటుబుక్కు తీసి చూశాను. అందులో సరిగ్గానే ఉంది, నీలం సిరాతో వత్తు స్పష్టంగా కనిపిస్తోంది. అప్పుడు టైపు చేసేటప్పుడే పోయిందన్నమాట. ఇప్పుడు దిద్దేశాను. పీడీఎఫ్ రేపు పంపుతున్నాను.