కీ జేబులోనే ఉంది, కారు మాత్రం ‘కీ కనబడలేదు’ అంటోంది

శ్రీకాకుళం నుంచి:
నమస్కారమండి. పొద్దున్నే అమ్మను అరసవల్లి దర్శనానికి తీసుకొచ్చాను. మాది ఆటోమేటిక్ కారు. కీ జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే రకం. గుడి నుంచి తిరిగి వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. కీలో దాచి ఉండే ఇనుప తాళంచెవితో తీస్తే అలారం మోత మొదలైంది. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద ‘కీ కనబడలేదు’ అని వస్తోంది, అంతే. ఎండ పెరుగుతోంది, అమ్మ ఎక్కువసేపు నిలబడలేదు. టోయింగ్ బండిని పిలవమంటారా?

బొబ్బిలి నుంచి:
బ్యాటరీ పడిపోయి ఉంటుంది. పక్క కారు నుంచి కేబుళ్లు వేసి చూడండి.

విజయనగరం నుంచి (కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను):
కేబుళ్లు ఇప్పుడే వద్దు. అలారం గట్టిగా మోగుతోంది, డాష్‌బోర్డు వెలుగుతోంది. కారు బ్యాటరీలో ప్రాణం ఉన్నట్టే. నా అనుమానం కీలోని సెల్లు మీద. బాబూ, టోయింగ్ మాట మరిచిపోండి. కీని ఫోనుకు దూరంగా తీసి, నేరుగా స్టార్ట్ బటన్‌కు ఆనించండి. బ్రేకు తొక్కి, కీతోనే బటన్ నొక్కండి. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది: గ్లాసులు పెట్టే గూడులోనో, స్టీరింగ్ పక్కనో. కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు.

ఇలాంటి సమయానికని కంపెనీ వాళ్లే పెట్టిన దారి ఇది. మామూలుగా కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. కీ అది విని, తన సెల్లు బలంతో జవాబిస్తుంది. మన దగ్గర చాలా కార్లకు ఆ జవాబు 433 మెగాహెర్ట్జ్ దగ్గర వెళుతుంది. సెల్లు నీరసిస్తే జవాబు అందదు. అయితే కీలో ఇంకో చిప్ ఉంటుంది, దానికి సెల్లుతో పనే లేదు. బటన్ వెనక ఉన్న తీగచుట్ట నుంచే కరెంటు అందుకుని తనెవరో చెబుతుంది. అందుకే అంత దగ్గరగా పెడితేనే పలుకుతుంది.

అప్పటికీ కాకపోతే, గేరు ‘పి’లో ఉందో లేదో చూసి, ఒకరిని కారు వెనక నిలబడమనండి. మీరు బ్రేకు తొక్కినప్పుడు వెనక దీపాలు వెలగకపోతే పెడల్ దగ్గరి స్విచ్‌ను అనుమానించాలి.

శ్రీకాకుళం నుంచి:
బాబాయ్ గారూ, స్టార్ట్ అయింది! మొదటిసారి కాలేదు. కీకి తొడిగిన తోలు కవరు తీసి, వెనక్కి తిప్పి ఆనించగానే అలారం ఆగింది, ఇంజను అందుకుంది. అమ్మ సూర్యనారాయణస్వామికి అక్కడి నుంచే దండం పెట్టింది. ఇప్పుడు ఏ సెల్లు కొనాలి?

కళింగపట్నం నుంచి:
మా కారుకు ఇలాగే అయిందనుకుని కీ సెల్లు మార్చాం, ఫలితం లేదు. బటన్ నొక్కితే టకటకమని చప్పుడు, దీపాలు మసకబారేవి. చూస్తే బ్యాటరీ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది.

విజయనగరం నుంచి:
అమ్మా, ఆ చప్పుడు వస్తే కీని వదిలేసి బ్యాటరీ చూడాల్సిందే. కారు కాసేపు ఆగి ఉన్నప్పుడు మీటరు 12.6 వోల్టుల దగ్గర చూపితే నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు.

బాబూ, పాత సెల్లు మీది అంకె చూసే కొనండి. చాలా కీలలో సీఆర్ 2032 ఉంటుంది: 3 వోల్టులు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్ 2025 వెడల్పు అంతే అయినా మందం తక్కువ, వదులుగా కదులుతుంది. గడియారాల దుకాణంలో అడగండి. తీసిన సెల్లును మాత్రం డాష్‌బోర్డు మీద వదిలేయకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలుతుంది. దానికి టేపు చుట్టి, పిల్లలకు అందనిచోట పెట్టాకే కొత్తది బిగించండి.