డెలివరీ రూట్‌కి టైం ఎవరు ఫిక్స్ చేస్తారు, ఎలా?

మా రూట్‌కి ఇన్ని గంటలు అని పేపర్ మీద వస్తుంది, నేనేమో రోజూ గంట లేటు. అసలు ఈ లెక్క ఎక్కడి నుంచి వస్తుందండీ?

జవాబు 1:
టైం స్టడీ అంటారు బ్రో. 1880లలో అమెరికాలో మిడ్‌వేల్ స్టీల్ అనే కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీర్ స్టాప్‌వాచ్ పట్టుకుని మొదలెట్టిన పనే ఇది. ఒకాయన పక్కన కూర్చుని బండి ఆపడం, పార్సిల్ వెతకడం, గుమ్మం దాకా నడవడం, స్కాన్ అన్నీ విడివిడిగా కొలుస్తాడు. ఒక స్టాప్‌కి 40 సెకన్లు పట్టింది, నువ్వు మామూలు కన్నా చురుగ్గా చేశావని 110 శాతం రేటింగ్ ఇచ్చాడనుకో, మామూలు స్పీడులో చేసేవాడికి 44 అవుతుంది, దానికి అలసట, బాత్రూం వగైరాలకి 15 శాతం కలిపితే 50.6. అదే స్టాండర్డ్, అంటే ఆ స్టాప్‌కి ఇచ్చే టైం.

జవాబు 2:
లెక్క బానే ఉంది గానీ ఆ రేటింగ్ అనేది కొలిచేవాడి కంటి అంచనా, గొడవంతా అక్కడే. పైగా నన్ను కొలిచిన రోజు వాన లేదు, లిఫ్ట్ పనిచేసింది, పార్సిల్స్ అన్నీ వరసగా సర్ది ఉన్నాయి 😀 మర్నాడు ఒక్క డబ్బా కోసం వ్యాన్‌లో మోకాళ్ల మీద పాకాను, అది ఎవడి లెక్కలోకీ రాలేదు.

జవాబు 3:
ఇప్పుడు జీపీఎస్, స్కానర్ డేటాతోనే చాలావరకు లాగేస్తున్నారు. మీ రూట్ చివరిసారి ఎప్పుడు కొలిచారో అడగండి. కొత్త అపార్ట్‌మెంట్లు వచ్చుంటే పాత టైం చెల్లదు, మళ్లీ కొలవమనండి.

అడిగినవారు:
కొలిచి నాలుగేళ్లయిందట. రేపే అడుగుతా.