బెడ్‌రూమ్ గోడకి నెమ్ము, ఫంగస్: ఖర్చు పై ఫ్లాట్ వాళ్లదా, అసోసియేషన్‌దా, మనదా?

నాలుగో అంతస్తు (విశాఖ)

మా అపార్ట్‌మెంట్ కట్టి తొమ్మిదేళ్లయింది. ఐదంతస్తుల్లో మాది నాలుగోది. వినాయక చవితికి ఇల్లు సర్దుదామని బెడ్‌రూమ్‌లో బీరువా జరిపాను. వెనక గోడ నేల దగ్గర్నుంచి నా నడుం ఎత్తు దాకా నల్లగా ఉంది. ముందు మసి అనుకున్నాను. వేలు పెడితే జిగటగా తగిలింది. బీరువా కింది అరలో పెళ్లి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పట్టుచీరల మడతల్లో ముక్కిన బియ్యం వాసన.

నిరుడు ఇదే గోడకి పుట్టీ గీకించి, ప్రైమర్ కొట్టించి, చెమ్మ రాదని చెప్పిన పెయింట్ వేయించాం. 18 వేలు అయింది. ఈ వానలకి అది అప్పడంలా పొంగి ఊడిపోతోంది. మా పాపకి ఎనిమిదేళ్లు, పిల్లికూతలు వస్తాయి. ఇన్హేలర్ వాడుతున్నాం. ఇప్పుడు ముగ్గురం హాల్లో పరుపు వేసుకుని పడుకుంటున్నాం.

పై ఫ్లాట్ ఆయన్ని అడిగితే, "మీరు కిటికీలు తెరవరు, రాత్రంతా ఏసీ వేస్తారు, అందుకే" అంటున్నారు. అసోసియేషన్ వాళ్లేమో "అది మీ రెండిళ్ల మధ్య విషయం" అని తప్పుకున్నారు. పైవాళ్ల బాత్రూమ్ నీళ్లు మా గోడలోకి దిగుతుంటే ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి అంటాను నేను. ఇందులో తప్పేముంది?

పై ఇంటివాణ్ణి

మీ బాధ అర్థమైందండీ. కానీ మా అపార్ట్‌మెంట్‌లో నేనూ పై ఫ్లాట్ వాణ్ణే, అవతలి వైపు నుంచి మాట్లాడతాను. కింది వాళ్లు గొడవ చేస్తే మూడేళ్ల కిందట మా బాత్రూమ్ టైల్స్ మొత్తం పగలగొట్టించాను. నలభై వేలు ఖర్చు, పదిహేను రోజులు పక్కింట్లో స్నానాలు. తీరా చూస్తే లీకు వాళ్ల గీజర్ పైపులో. ఒక్కరు కూడా సారీ చెప్పలేదు. రుజువు లేకుండా పై ఇంటి మీదికి వెళ్లడం న్యాయం కాదు.

గాజువాక కుర్రాడు

ఇంత చర్చ ఎందుకు మేడమ్? బ్లీచింగ్ నీళ్లు కొట్టి, గీకేసి, మళ్లీ పెయింట్ వేయించండి. మా ఇంట్లో అలాగే చేశాం, పోయింది.

సైట్ ఇంజినీర్

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పైన రాసిన తమ్ముడికి ముందు చెప్తాను. దయచేసి ఎండు గోడని బ్రష్‌తో గీకకండి, గీకేటప్పుడు ఫ్యాన్ అసలు వేయకండి. ఆ నల్లటి పొడి ఇల్లంతా పరుచుకుంటుంది, ఈ ఇంట్లో పిల్లికూతల పాప ఉంది. మాస్క్, గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి, గది తలుపు మూసి, గోడ తడిపి తుడవాలి. బ్లీచింగ్‌తో బాత్రూమ్ యాసిడ్ కలిపారంటే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. పైగా బ్లీచింగ్‌తో మచ్చ తెల్లబడుతుందే తప్ప గోడలోకి వచ్చే నీరు ఆగదు. చచ్చిన ఫంగస్ కూడా అలర్జీ తెప్పిస్తుంది. మూడడుగులకి మూడడుగులు మించి పాకితే సొంతంగా చేయకుండా పని తెలిసినవాళ్లని పిలవమని అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. మీ గోడ ఆ కొలత దాటినట్టే ఉంది.

ఇక అసలు సంగతి. మీరు రాసిన ఒక్క మాట నన్ను ఆపేసింది: "నేల దగ్గర్నుంచి నడుం ఎత్తు దాకా". పై బాత్రూమ్ లీకైతే మచ్చ మామూలుగా పైకప్పు దగ్గర మొదలై కిందికి దిగుతుంది. మీ సీలింగ్ పొడిగా ఉందా? ఆ గోడకి అవతల ఏముంది?

రేపు ఒక పని చేయండి. గోడని గుడ్డతో తుడిచి, అడుగు పొడవు పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒక రోజు ఆగి చూడండి. గోడకి ఆనుకున్న వైపు చెమట పడితే నీరు గోడలో ఉన్నట్టు. గది వైపు పడితే అది గదిలోని గాలి తేమ, అప్పుడు ఏసీ, కిటికీల మాట నిజమే. తెల్లటి పొడి కనిపిస్తే దాని మీద చుక్క నీళ్లు వేయండి. కరిగిపోతే అది గోడలోంచి వచ్చిన ఉప్పు, ఫంగస్ కాదు. ఉప్పు కనిపించిందంటే గోడలో నీరు నడుస్తోందనే.

లీడ్స్‌లో తెలుగు

"మీ అలవాట్ల వల్లే" అన్న మాట చదివి ఆగలేకపోయాను. నేనిక్కడ ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో ఉంటాను. మా ఏజెంట్ కూడా అదే అన్నాడు: మీరు వంటలు ఎక్కువ చేస్తారు, బట్టలు లోపల ఆరేస్తారు అని. నిజమే, చలికాలంలో బట్టలు బయట ఆరవు కదా. మరి మా గోడకున్న పగులు సంగతేంటి?

ఇంగ్లండ్‌లోనే రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే బాబు ఉండేవాడు. ఇంట్లో ఫంగస్ ఉందని వాళ్ల నాన్న 2017లోనే చెప్పాడు. ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ వాళ్లు దాని మీద పెయింట్ వేసుకోమన్నారు. ఆ కుటుంబం జీవనశైలే కారణమన్నారు. 2020 డిసెంబరులో, రెండేళ్లు నిండిన ఎనిమిదో రోజున బాబు చనిపోయాడు. ఇంట్లోని ఫంగస్ వల్ల వచ్చిన శ్వాస సమస్యే కారణమని 2022 నవంబరులో కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) తేల్చారు. ఆ తర్వాత అవాబ్ పేరుతోనే చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి ఇక్కడి సోషల్ హౌసింగ్‌లో (కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో) ప్రమాదకరమైన చెమ్మ, ఫంగస్ మీద ఫిర్యాదు వస్తే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. అత్యవసరమైతే 24 గంటల్లోనే.

అక్కా, ఖర్చు ఎవరిదో తేలేదాకా పాపని ఆ గదిలోకి పంపకండి. హాల్లో పడుకోవడమే మంచిది.

పాత కాలం మనిషి

మా అమ్మ గోడకి పట్టినా నెమ్మే అనేది, పిల్లల రొమ్ములో చేరినా నెమ్మే అనేది. రెండింటికీ ఒకే మాట. నేను ఆమెలా ఆలోచిస్తాను తల్లీ, ముందు పాప.

చట్టం తెలిసినవాడు

బిల్డర్ మాట ఎవరూ ఎత్తలేదు. 2016 రెరా చట్టం (ఇళ్లు కొనేవాళ్ల కోసం వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు పనిలో, నాణ్యతలో లోపం కనబడి మనం చెప్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీ బిల్డింగ్‌కి తొమ్మిదేళ్లు కాబట్టి మీకు ఆ దారి లేదు. ఐదేళ్లు నిండని ఫ్లాట్లలో ఉన్నవాళ్లు మాత్రం పెయింట్ వేసేముందు ఫొటోలు తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. పెయింట్ వేశాక ఏ రుజువూ మిగలదు.

నాలుగో అంతస్తు (విశాఖ)

వారం తర్వాత రాస్తున్నాను. సీలింగ్ పొడిగానే ఉంది. నేనే సరిగా చూసుకోలేదు. పాలిథీన్ అతికించాను. తెల్లారేసరికి గోడ వైపు ముత్యాల్లా నీటి బొట్లు, గది వైపు పొడి.

గోడ అవతల ఉన్నది డక్ట్, అంటే అన్ని అంతస్తుల పైపులు దిగే సందు. ప్లంబర్‌ని లోపలికి దింపాం. పై ఫ్లాట్ ఆయనే తన సింకులో రెండు బకెట్ల నీళ్లు పోశారు. మా ఫ్లోర్ దగ్గర, కిందికి దిగే పెద్ద పైపు జాయింటులోంచి నీళ్లు చిమ్మి గోడ వెంట జారడం టార్చి వెలుగులో కళ్లారా చూశాను. జాయింటులో రావి మొక్క. ఆకులు నాలుగే, వేరు మాత్రం మూరెడు, ఇటుకల సందులోకి దిగింది. ఐదో అంతస్తు వాళ్లు గిన్నెలు తోమిన ప్రతిసారీ మా గోడ తడుస్తోందన్నమాట.

ఆయనకి సారీ చెప్పాను. ఇక్కడ కూడా చెప్తున్నాను, నేను తప్పు మనిషిని పట్టుకున్నాను.

పైపు, డక్ట్ అందరివి కాబట్టి మొత్తం ఖర్చు అసోసియేషన్‌దే అంటున్నాను. వాళ్లు పైపు మార్పిస్తామన్నారు, లోపలి ప్లాస్టరింగ్, పెయింట్ మాత్రం మీవే అంటున్నారు.

ఒక అపార్ట్‌మెంట్ ట్రెజరర్

నేను అసోసియేషన్ పక్షమే. మా 24 ఫ్లాట్లలో ఆరుగురు నెలల తరబడి మెయింటెనెన్స్ కట్టరు. లోపలి గోడలు కూడా ఫండ్‌లోంచి అంటే ప్రతి ఇంట్లోనూ పెయింట్ బిల్లు వస్తుంది.

పై ఇంటివాణ్ణి

ఈసారి నేను ఆవిడ వైపే. డక్ట్‌లో ఏడాదికోసారి మొక్కలు పీకించి ఉంటే ఈ గోడ తడిసేదా? ఆ పని ఎవరిది? మెయింటెనెన్స్ తీసుకుని చూడనివాళ్లే లోపలి నష్టం కూడా భరించాలి.

సైట్ ఇంజినీర్

అది మీటింగులో తేల్చుకోండి. ఒక్క సంగతి మాత్రం, పైపు మార్చగానే పెయింట్ వేయకండి. నడుం ఎత్తు వరకు పాడైన ప్లాస్టర్ కొట్టించి, ఇటుక కనబడేలా వదిలేయండి. ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి వారాలు చాలవు, నెలలు పడుతుంది. మీది సముద్రం గాలి. పాలిథీన్ రెండు వైపులా పొడిగా ఉన్న రోజున పెయింటర్‌ని పిలవండి.

నాలుగో అంతస్తు (విశాఖ)

పైపు మార్చారు. ప్లాస్టర్ మా డబ్బుతోనే కొట్టించాను, బిల్లు దాచాను, ఆదివారం మీటింగులో పెడతాను. ఈ ఉదయం మళ్లీ అతికించి చూస్తే బొట్లు ఇంకా ఉన్నాయి, కాకపోతే బాగా తగ్గాయి. పాప ఇంకా హాల్లోనే పడుకుంటోంది.